"మా ఇల్లు ఎప్పుడు మునిగిపోద్ది మేడమ్?"

ప్రశ్న:

కాకినాడకు ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో హైస్కూల్ సైన్స్ టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడ ఆ బడికి బదిలీ మీద వచ్చారు. క్లాసులో ఎక్కువ మంది వేటకు వెళ్ళే ఇళ్ళ పిల్లలే. గుమ్మంలో నిలబడితే కనిపించే సముద్రం గురించి పుస్తకంలో అక్కడో పేరా ఇక్కడో పేరా తప్ప ఏమీ లేదని, శనివారం చివరి పీరియడ్లలో సముద్రం, వాతావరణం, వాతావరణ మార్పు గురించి చెప్పడం మొదలుపెట్టారు. పాఠాలు సొంతంగా తయారుచేసే తీరిక లేక నాసా, అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా, ఇంకా కొన్ని విశ్వవిద్యాలయాలు ఉచితంగా ఇచ్చే వీడియోలు, వర్క్‌షీట్లు, మ్యాపులు దించుకుని వాడుతున్నారు. మొదట్లో పిల్లలు కళ్ళింత చేసుకుని చూశారు. తర్వాత చప్పబడ్డారు. అన్నీ ఇంగ్లీషు మాటలు, ఫారన్‌హీట్ డిగ్రీలు, మంచు తుఫాన్లు. రాత్రి పన్నెండు దాకా కూర్చుని తెలుగు చేసి తెచ్చినా సగం పాఠం వాళ్ళకు పరాయిగానే ఉంటోందట.

హెడ్మాస్టరు గారు తిట్టలేదు గానీ, "పదో తరగతి రిజల్టు పడిపోతే నన్నడుగుతారు, ఈ శనివారాలు ఎవరూ అడగరు" అన్నారు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సముద్ర మట్టం పెరిగితే ఏ నేల మునుగుతుందో నీలం రంగులో చూపే మ్యాపు ఒకటి ఆవిడ క్లాసులోని డిజిటల్ తెర మీద వేశారు. వాళ్ళ ఊరు మొత్తం నీలం అయిపోయింది. ఎనిమిదో తరగతి అబ్బాయి లేచి "మా ఇల్లు ఎప్పుడు మునిగిపోద్ది మేడమ్?" అన్నాడు. అతని ఇంటికీ అలలకీ మధ్య ఇప్పటికే ఒక్క వరుస ఇళ్ళే మిగిలాయి. ఆవిడకు జవాబు తోచలేదు. పక్క బెంచీలో ఒక అమ్మాయి ఏడ్చేసింది. మర్నాడు ఆ పిల్ల తాతగారు బడికొచ్చి, "టీచరమ్మా, మా పిల్లోళ్ళకి సముద్రం మీరు నేర్పుతారా? భయం నేర్పుతున్నారు" అని వెళ్ళిపోయారట.

"ఆయన మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆపేయనా? ఆపితే ఆ అబ్బాయికి జవాబు ఎవరు చెప్తారు?" అని అడుగుతున్నారు.

సమాధానం:

టీచరు గారూ,

ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒక నెల ఆగినా పరవాలేదు, అతని ప్రశ్న ఆగకూడదు. జవాబు రాని ప్రశ్నతో పిల్లవాడు ఇంటికెళ్ళి, అదే సముద్రం పక్కన పడుకుంటున్నాడు.

అతని ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఆ మ్యాపే వాటిని కలిపేసింది. ఒకటి, ప్రపంచమంతటా సముద్ర మట్టం పెరగడం. రెండోది, వాళ్ళ ఊరి దగ్గర సముద్రం ఒడ్డును కోసుకుపోవడం. అతని ముందు వరుస ఇళ్ళను తీసుకెళ్ళింది ప్రధానంగా రెండోది.

లెక్క చూడండి. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మీ పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలులో మూడింట రెండు వంతులు. ఆ పెరుగుదల ఇప్పుడు వేగం పుంజుకుంది, 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. 2100 నాటికి ఇంకా ఎంత పెరుగుతుందన్నది మనుషులు వదిలే కర్బన వాయువుల మీద ఆధారపడి ఉంటుంది. అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం ఐపీసీసీ అంచనాలు తక్కువ వైపు 28 సెంటీమీటర్ల దగ్గర, ఎక్కువ వైపు మీటరు దగ్గర ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ ఏడాదికి మిల్లీమీటర్లలో పెరిగే నీరు ఒక్క తుఫాను రాత్రిలో వీధిని మింగదు.

కాకినాడ పక్కన ఉన్న ఉప్పాడ తీరంలో వీధులు పోవడానికి శాస్త్రజ్ఞులు చూపే కారణాల్లో ముఖ్యమైనది ఇసుక. మన తూర్పు తీరం వెంబడి అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తుంటాయి. వెనక నుంచి వచ్చే ఇసుక, ముందుకు పోయే ఇసుక సరిపోయినంత కాలం ఒడ్డు నిలుస్తుంది. గోదావరి మీద, ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి సముద్రానికి చేరేది తగ్గింది. కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరిగే కొద్దీ అలలు మళ్ళే తీరు మారింది. రేవు కట్టడాలు కూడా ఇసుక దారిలో అడ్డు. పోయినంత ఇసుక వెనక నుంచి రాకపోతే ఒడ్డు కోసుకుపోతుంది. మట్టం పెరగడం దీనికి తోడై కోతను ముదురుస్తుంది.

ఈ తేడా తెలిస్తే అబ్బాయికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందంటారా? ఇసుక సంగతి మనుషుల చేతిలో చాలావరకు ఉంది. గోడ ఎక్కడ కట్టాలి, ఇసుక ఎక్కడ నింపాలి, ముందు వరుస వాళ్ళకు లోపల స్థలం ఎప్పుడివ్వాలి అన్నవి ఊరు అడగగలిగినవి, ప్రభుత్వం చేయగలిగినవి. "మీ ఇల్లు ఏ సంవత్సరం పోతుందో ఆ మ్యాపు చెప్పలేదు, నేనూ చెప్పలేను. మీ ఒడ్డు ఏడాదికి ఎంత పోతోందో మాత్రం మనం కొలవగలం" అని అతనితో నేరుగా చెప్పండి. "ఏమీ కాదులే" అని మాత్రం అనకండి. ఎదురుగా ఇల్లు కూలడం చూసిన పిల్లవాడు ఆ మాట నమ్మడు, ఆ తర్వాత మీ మాట కూడా నమ్మడు.

కొలవడం కష్టమేమీ కాదు. కదలని గుర్తు ఒకటి చాలు, గుడి అరుగో వాటర్ ట్యాంకు స్తంభమో. అక్కడి నుంచి ఒడ్డు అంచు దాకా టేపుతో, ప్రతి నెలా పున్నమి తర్వాత అదే రోజున, నీరు వెనక్కి తగ్గే పాటు వేళలో, పెద్దవాళ్ళు ఒకరు తోడుండగా కొలిచి, తేదీ వేసి రిజిస్టరులో రాయాలి. రుతువును బట్టి ఒడ్డు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి రెండు మూడు కొలతలు చూసి తీర్పు చెప్పకూడదని కూడా పిల్లలకు అప్పుడే అర్థమవుతుంది.

ఆ నీలం మ్యాపు గురించి ఒక్క మాట. అలాంటివి చాలావరకు నేల ఎత్తు ఒక్కటే చూసి, పెరిగిన నీటి మట్టం కంటే పల్లంగా ఉన్నదానికల్లా రంగు వేస్తాయి. ఆ ఎత్తులు చాలావరకు అంతరిక్షం నుంచి కొలిచినవి. డెల్టా నేలల్లో చెట్ల తలలూ ఇంటి కప్పులూ నేలగా లెక్కపడి మీటర్లలోనే తేడా రావచ్చు. కాబట్టి అవి నిజానికి ఎక్కువా చూపించవచ్చు, తక్కువా చూపించవచ్చు. దేశం మొత్తానికి ఒక అవగాహన కోసం వాడుకోవచ్చు గానీ ఒక వీధికి పెట్టి చూడకూడదు. పిల్లల ఇళ్ళు కనిపించేంత దగ్గరగా ఇకపై దాన్ని తేవద్దు.

ఇక తాతగారు. ఆయన కోపంలో రెండున్నాయి. మనవరాలు ఏడ్చిందన్న బాధ ఒకటి, సముద్రం తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారని మీరు గుర్తించలేదన్న నొప్పి ఇంకొకటి. మొదటిదానికి ఆయన ఇంటికి వెళ్ళి మాట్లాడటం మంచిది. రెండోదానికి ఇంకొంచెం చేయాలి.

ఆయనను ఒక శనివారం క్లాసుకు పిలవవచ్చు. లాభం తెలిసిందే. చిక్కు కూడా ఉంది. పెద్దలు చెప్పే కొన్ని మాటలు మీ సైన్సుతో పొసగవు, పిల్లల ముందు ఆయనతో వాదించలేరు, ఊరుకోనూ లేరు. అందుకని ఊరికే "మీ అనుభవాలు చెప్పండి" అనకుండా, కొలవడానికి వీలున్న విషయం మీదే పిలవండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రం, మన తీరానికి అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనా రోజూ ఉచితంగా ఇస్తుంది. చేపలు దొరికే చోట్ల సూచనలు తెలుగులోనూ ఇస్తుంది. పొద్దున ఒక పిల్లవాడు ఆ అంచనాను బోర్డు మీద రాయాలి. సాయంత్రం పిల్లలు ఇంట్లో అడిగి, నాన్నో బాబాయో నిజంగా చూసిన అలను పక్కన రాయాలి.

చాలా రోజులు రెండూ కలవవు. బోర్డు మీద "రెండు మీటర్లు" అని ఉంటుంది, వేటకు వెళ్ళినాయన "మూడున్నర కొట్టింది" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అంచనాలో ఇచ్చేది అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని, వాటి సగటు ఇస్తారు. ఒక్కొక్క అల దానికి దాదాపు రెట్టింపు దాకా లేవవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియకే ఎంతో మంది అనుభవజ్ఞులు ఆ సూచనలను కొట్టిపారేస్తుంటారు. అలాగే మబ్బు పట్టిన రోజుల్లో చేపల సూచన ఎందుకు రాదన్నది ఇంకొకటి. నీటి వెచ్చదనాన్నీ పచ్చదనాన్నీ చూసే ఉపగ్రహం మబ్బుల గుండా కిందికి చూడలేదు, అందుకే రాదు. తాతగారికి తెలిసినదానికి గౌరవం దక్కుతుంది, మీ పాఠం ఆయన ఇంటికి పనికొస్తుంది. వేటకు వెళ్ళేవాళ్ళు అందరూ ఊళ్ళో ఉండే రోజు కావాలంటే ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యాక, బడి సెలవులకు ముందు కొద్ది రోజులు దొరుకుతాయి.

తల్లులను మరిచిపోకండి. చేపలు ఎండబెట్టేది వాళ్ళు. ఒక్క జల్లు పడితే రోజు కష్టం మట్టిలో కలుస్తుంది. రేపటి వాన అంచనా పిల్ల ఇంటికి మోసుకెళ్తే, ఆ ఊళ్ళో మీ శనివారం క్లాసుకు మొదట అండగా నిలిచేది వాళ్ళే అని నా నమ్మకం.

ఉచిత పాఠాల సంగతికి వద్దాం. అన్నీ తెలుగు చేసే ప్రయత్నం ఆపండి. మీ నిద్ర పోతుంది, పైగా అమెరికా పాఠాన్ని ఎంత బాగా తెలుగు చేసినా అది అమెరికా పాఠమే. మాటలు అక్కర్లేనివి కొన్ని ఉంచుకోండి. భూగోళం మీద గాలులు కదిలే మ్యాపులు ఉన్నాయి కదా, వాటికి భాష లేదు. తీరంలో గాలి లేని రోజు పెద్ద అలలు ఎందుకొస్తాయో పిల్లలు ఎప్పుడూ అనుకునే ఉంటారు. ఆ మ్యాపును కిందికి, దక్షిణ హిందూ మహాసముద్రం దాకా జరిపి అక్కడి తుఫాను గాలులు చూపించండి. వేల కిలోమీటర్ల అవతల పుట్టిన అల రోజుల తర్వాత మన ఒడ్డుకు చేరుతుంది. కంప్యూటర్ తెర మీదే ప్రయోగం చేసి చూసే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లలో సాంద్రత, గ్రీన్‌హౌస్ ప్రభావం మీద మంచివి ఉన్నాయి. దించిపెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. చిన్న తరగతులకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ ఉచిత కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలున్నాయి, మీరు కొత్తవి అనువదించి పెట్టడానికీ అనుమతి ఉంది. నాసా, నోవా సొంత పాఠాలు, బొమ్మలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చు, మూలం పేరు వేస్తే చాలు. మిగతా చోట్ల ఉచితంగా చూడనిస్తారు గానీ మార్చి పంచడానికి ఒప్పుకోరు. ఆ పేజీ కింద రాసిన షరతులు ఒకసారి చదివి దించండి.

కానీ మీ క్లాసుకు అన్నిటికన్నా మంచి ఉచిత వనరు వంద గజాల దూరంలో ఉంది. ఒక బాటిల్ నిండా సముద్రపు నీళ్ళు తెప్పించండి. పారదర్శకమైన గాజు గ్లాసులో సగం దాకా పోయండి. ఇంకో గ్లాసులో కుళాయి నీళ్ళు తీసుకుని రెండు చుక్కలు సిరా కలపండి. ఉప్పునీళ్ళ పైన స్పూను బోర్లించి పట్టుకుని, దాని వీపు మీదుగా సిరా నీళ్ళు సన్నని ధారగా, చాలా నిదానంగా వదలండి. సిరా రంగు పైనే నిలుస్తుంది, కింద తేట ఉప్పునీరు, మధ్యలో గీత గీసినట్టు హద్దు. ఎందుకో మీరు చెప్పకముందే, వరద రోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళు సముద్రం మీద పరుచుకోవడం చూసిన పిల్ల ఎవరో ఒకరు చెప్పేస్తారు.

బంగాళాఖాతం మొత్తం కథ ఆ గ్లాసులో ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీళ్ళు, కురిసిన వాన, ఉప్పునీటి మీద తేలిక పొరగా ఉండిపోతాయి. ఆ పొర వల్ల కింది చల్లని నీరు సులువుగా పైకి కలవదు, ఉపరితలం వెచ్చగానే ఉంటుంది. తుఫాను పుట్టి బలపడాలంటే నీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వెచ్చగా ఉండాలి. అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువ కావడానికి ఇది ఒక కారణం. లోపలి నీటి సంగతి ఎలా తెలిసిందని అడిగితే ఆర్గో పరికరాల గురించి చెప్పండి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4 వేలు తేలుతున్నాయి, పది రోజులకోసారి 2 వేల మీటర్ల లోతు నుంచి వేడినీ ఉప్పునీ కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ సమాచారమూ అందరికీ ఉచితమే.

అదే గ్లాసుతో మట్టం పాఠం కూడా. నీళ్ళలో తేలే ఐసు కరిగితే మట్టం దాదాపు మారదు. నీళ్ళలోంచి పైకి లేచిన రాయి మీద పెట్టిన ఐసు కరిగితే పెరుగుతుంది. ఉత్తర ధ్రువపు సముద్రపు మంచుకూ గ్రీన్‌లాండ్ నేల మీది మంచుకూ ఉన్న తేడా ఇదే. చేపల వ్యాపారి దగ్గర ఐసుకు కొదవా?

హెడ్మాస్టరు గారి మాట అన్యాయమని నేననను. పైనుంచి అడిగేది ఆయననే. మీ ముందు మూడు దారులున్నాయి.

బడి అయ్యాక క్లబ్బు పెట్టవచ్చు. ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ ఆ వేళకు ఆడపిల్లలు నీళ్ళకీ వంటకీ చెల్లెళ్ళకీ పరిగెడతారు, చివరికి నలుగురైదుగురు మగపిల్లలు మిగులుతారు. ఏ పిల్ల ఏడ్చిందో ఆ పిల్లకే రావడం కుదరదు.

బడి పిల్లల సైన్సు ఆలోచనలకు పెట్టే ఇన్‌స్పైర్ మనక్ లాంటి పోటీలకు తయారుచేయవచ్చు. పేరొస్తుంది, హెడ్మాస్టరు గారు మెత్తబడతారు. ఒక్క పిల్లవాడి మోడల్ తళతళలాడుతుంది, మిగతా క్లాసు ప్రేక్షకులవుతారు. ఏడాదికోసారి చేయండి గానీ ఇదే దారిగా పెట్టుకోవద్దు.

మూడోది, పాఠాల్లోనే కలిపేయడం. సాంద్రత పాఠం రోజు ఆ సిరా గ్లాసు. ఉష్ణం పాఠం రోజు మధ్యాహ్నం రెండింటికి ఇసుకలో ఒక థర్మామీటరు, నీళ్ళలో ఒకటి, మళ్ళీ తెల్లవారుజామున అదే పని. పగలు సముద్రం గాలి ఎందుకు, తెల్లవారుజామున నేల గాలి ఎందుకు, తెరచాప రోజుల్లో తాతలు ఏ గాలికి బయల్దేరేవారో అక్కడే తేలుతుంది. ప్రాజెక్టు పనికి మార్కులుంటే ఒడ్డు కొలతల రిజిస్టరే ప్రాజెక్టు. దీనిలో నష్టం, మీరు కలగన్న వరుస పాఠ్యక్రమం ముక్కలవుతుంది, కొన్ని అంశాలు మిగిలిపోతాయి. లాభం, సిలబస్ పోలేదని లెసన్ ప్లాన్ తీసి చూపించగలరు. నా మొగ్గు దీనివైపే. పదో తరగతిని మాత్రం జనవరి నుంచి వదిలేసి, ఎనిమిది, తొమ్మిది తరగతులతో నడపండి. హెడ్మాస్టరు గారికి ఆ మాట ముందే ఇచ్చేస్తే ఆయనకూ ఊరట.

పూర్తిగా ఆపేయడం కూడా ఒక దారేనని మీరే అడిగారు. దాని వల్ల గొడవ సద్దుమణుగుతుంది. వాతావరణ మార్పు గురించి పిల్లలు వినడం మాత్రం ఆగదు, ఫోన్లలో సంగీతం పెట్టి భయపెట్టే వీడియోల ద్వారా వింటారు. అక్కడ అడగడానికి టీచరు ఉండదు.

భయం గురించి మీరు విడిగా అడగలేదు, అయినా చెప్పాలి. ప్రమాదం చెప్పిన పీరియడ్లోనే, మనుషులు దాన్ని ఎలా ఎదుర్కొన్నారో కూడా చెప్పి ముగించండి, వచ్చే వారానికి వాయిదా వేయవద్దు. దీనికి మన జిల్లాలే సాక్ష్యం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1990 మేలో మచిలీపట్నం వైపు దాంతో పోల్చదగ్గ తుఫాను వచ్చింది, అప్పటికి హెచ్చరికలూ జనాన్ని తరలించడమూ మెరుగుపడ్డాయి, మృతులు వెయ్యి లోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. తుఫానులు మెత్తబడలేదు. ఉపగ్రహాలు, రాడార్లు, ముందస్తు కబురు, పునరావాస కేంద్రాలు, కబురు విని కదిలిన జనం, ఇవన్నీ కలిసి చేసిన పని అది. తీరంలో ఆ తరం వాళ్ళు ఇంకా ఉన్నారు, పిల్లల చేత అడిగించి రాయించండి.

ఏడ్చిన అమ్మాయికి క్లాసులో అందరి ముందు ఓదార్పు వద్దు, సిగ్గుపడుతుంది. పొద్దున బోర్డు మీద అలల ఎత్తు రాసే పని మొదటి వారం ఆమెకు ఇవ్వండి. ఆమె తండ్రి వేటకు వెళ్తుంటే, పెద్ద అలల హెచ్చరిక ఉన్న రోజు ఆ అంకె ఇంటికి చేర్చేది తనే అవుతుంది.

ఇంకొకటి, మీకు మళ్ళీ బదిలీ రావచ్చు. దించిన ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, ఏ పాఠం రోజు ఏది వాడారో తెలుగులో రాసిన కాగితంతో సహా, హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టండి. ఒడ్డు కొలతల రిజిస్టరు మాత్రం రెండు ప్రతులు రాయించండి. ఒకటి బడిలో, ఒకటి పంచాయతీ ఆఫీసులో. గోడ కోసమో ఇళ్ళ స్థలాల కోసమో ఊరు అర్జీ పెట్టే రోజున, తేదీలతో ఉన్న ఆ అంకెలు జతచేయడానికి పనికొస్తాయి.